పఫ్‌లో ఏముందో చెప్పే పెడదాం



మొన్న పేరెంట్-టీచర్ మీటింగ్‌లో మార్కుల సంగతి మాట్లాడటం అయిపోయాక, కుర్చీలోంచి లేవబోతూ చాలామంది అమ్మలు అడిగిన ప్రశ్న ఒక్కటే. "మేడమ్, మావాడు కూరగాయలు అసలు ముట్టడు. బాక్సులో ఏం పెట్టమంటారు?" ఒకావిడ మాత్రం అడగలేదు, తనే చెప్పారు. "నేనైతే పఫ్‌లో పెట్టేస్తా మేడమ్. క్యారెట్, సొరకాయ, క్యాబేజీ అన్నీ మిక్సీ పట్టి ఆలూలో కలిపేస్తా. వాడికి ఈ రోజుకీ తెలీదు." పక్కనున్న వాళ్లందరూ వెంటనే ఫోన్లు తీసి రెసిపీ రాసుకున్నారు.

నేను నవ్వి ఊరుకున్నాను. రెండేళ్ల క్రితం అచ్చం అదే మాట, అంతే గర్వంగా నేనూ అన్నాను. ఆ తర్వాత ఏం జరిగిందో ఆ రోజు హడావుడిలో చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను ప్రైమరీ సెక్షన్ టీచర్‌ని. రోజూ స్నాక్స్ బ్రేక్‌లో ముప్పై పైచిలుకు బాక్సులు నా కళ్ల ముందే తెరుచుకుంటాయి. ఇంట్లో ఎనిమిదేళ్ల అబ్బాయికి అమ్మని. కాబట్టి కూరగాయలు తినని పిల్లల గురించి నాకు తెలుసనే అనుకునేదాన్ని. మావాడికి ఆరేళ్లప్పుడు తిండి అంటే పెరుగన్నం, ఆలూ వేపుడు, గుడ్డు, బేకరీ పఫ్. అంతే. కంచంలో కరివేపాకు రెబ్బ కనిపించినా అదేదో పురుగు అన్నట్టు వేలితో పక్కకు నెట్టేవాడు. బీరకాయ పేరెత్తితే ఏడుపు. మీలో చాలామందికి ఈ సీన్ కొత్తేమీ కాదు.

బేకరీ పఫ్ ఒక్కటే వాడు ఎగబడి తినేది. హైదరాబాద్‌లో ఏ సందు చివర చూసినా ఒక బేకరీ, గాజు అరలో వేడి వేడి కర్రీ పఫ్‌లు, ఎగ్ పఫ్‌లు. వాటిలో ఎక్కువ భాగం మైదా, మార్గరిన్. సరే, ఇంట్లోనే చేద్దాం, లోపల మనకు కావలసినవి పెడదాం అనుకున్నాను. మొదటిసారి క్యాలీఫ్లవర్ సన్నగా తురిమి ఆలూలో కలిపాను. కనిపించలేదు. తర్వాత క్యారెట్. పసుపు, కారం వేస్తే ఆ రంగులో కలిసిపోయింది. ఆ తర్వాత సొరకాయ, బఠానీ గుజ్జు. ఒకసారి ధైర్యం చేసి పాలకూర కూడా వేశాను, "కొత్తిమీర ఎక్కువైంది నాన్నా" అన్నాను. తినేశాడు.

ఆరు నెలలు సాగింది. బాక్స్ ఖాళీగా వచ్చేది. నా అంత తెలివైన తల్లి లేదనుకున్నాను.

ఒక ఆదివారం సాయంత్రం మా అక్కతో ఫోన్‌లో ఈ ఘనకార్యమే చెప్తున్నాను. "సొరకాయ తింటున్నాడే, వాడికి తెలిస్తేగా!" అని నవ్వుతున్నాను. వెనక్కి తిరిగితే వాడు వంటింటి గుమ్మంలో ఉన్నాడు. ఏమీ అనలేదు. మర్నాడు బాక్స్ తిరిగొచ్చింది. రెండు పఫ్‌లూ మధ్యకు చీల్చి, లోపలిదంతా ఒక పక్కకు తీసి, విడివిడిగా పరిచి ఉన్నాయి. ఒక్క ముక్క కూడా తినలేదు. "ఏంట్రా ఇది?" అంటే వాడు అన్నది ఇదే: "నేను అడిగాను కదమ్మా. నువ్వు ఆలూనే అన్నావు."

నిజమే, అడిగాడు. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. "ఇందులో ఏముందమ్మా?" అంటే ప్రతిసారీ నేను "ఆలూనే నాన్నా" అన్నాను. క్లాసులో హోమ్‌వర్క్ చేయకుండా చేశానన్న పిల్లలకు అబద్ధం ఎందుకు చెప్పకూడదో పది నిమిషాలు క్లాసు పీకే నేను, ఇంటికొచ్చి పఫ్ చేతిలో పెట్టి అబద్ధం చెప్పాను.

తర్వాతి రెండు నెలలు మా ఇంట్లో తిండి ఒక తనిఖీలా నడిచింది. ఇడ్లీని తుంచి లోపల చూసేవాడు. దోసెను లైటుకు ఎదురుగా పట్టుకుని చూసేవాడు. అంతకుముందు ఇష్టంగా తిన్న ఆలూ వేపుడు కూడా "ఇది నిజంగా ఆలూనేనా?" అని అడిగి, అవునన్నా నమ్మక, వాళ్ల నానమ్మను అడిగి, ఆమె అవునంటేనే తినేవాడు. అది నాకు బాగా తగిలింది. కూరగాయలు రాకపోగా, ఉన్న నాలుగు వంటల్లో రెండు పోయాయి.

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పఫ్‌లో కూరగాయలు పెట్టడం మంచి పనే. తురమండి, మెదపండి, మిక్సీ పట్టండి. కానీ పిల్లలు అడిగినప్పుడు లేదని చెప్పకండి. వాళ్లు అడగకపోయినా మీరే చెప్పండి. కలపడం వేరు, దాచడం వేరు.

మన వంటల్లో కలపడం కొత్త కాదు. మా అత్తమ్మది వరంగల్ వైపు. ఆమె సర్వపిండి చేస్తే బియ్యప్పిండిలో సొరకాయ తురుము పడాల్సిందే. ఆమె దాన్ని ఆనిగెపుకాయ అంటారు. నువ్వులు, పల్లీలు, నానబెట్టిన శనగపప్పు అన్నీ అందులోనే. అది దాచడం అని ఎవరూ అనరు. అడిగితే ఏమేం వేశారో వరసగా చెప్తారు, అడగకపోయినా చెప్తారు. పాలకూర పప్పు, మెంతికూర చపాతీ, మునగాకు రొట్టె, గారెల పిండిలో తోటకూర... అన్నీ కలిపినవే, పేరులోనే కూర పేరు పెట్టుకుని మరీ వస్తాయి. దాచి పెట్టే పద్ధతికి పుస్తకాలు కూడా ఉన్నాయి. 2007లో అమెరికాలో జెస్సికా సైన్‌ఫెల్డ్ రాసిన 'డిసెప్టివ్లీ డెలిషియస్' అలాంటిదే. కూరగాయల గుజ్జులు ముందే చేసి ఫ్రీజర్‌లో పెట్టుకుని, పిల్లలకు నచ్చే వంటల్లో కలపమంటుంది. బ్రౌనీల్లో పాలకూర కూడా ఉంది అందులో. బాగా అమ్ముడైన పుస్తకం.

దాచడం పని చేయదని నేను అనను. పనిచేస్తుంది. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 3 నుంచి 5 ఏళ్ల పిల్లలకు వాళ్లు రోజూ తినే వంటల్లోనే కూరగాయల గుజ్జు కలిపి పెట్టి చూశారు. 2011లో ప్రచురించిన ఆ అధ్యయనం ప్రకారం పిల్లలు తిన్న కూరగాయల మొత్తం బాగా పెరిగింది, పక్కన మామూలుగా పెట్టిన కూరగాయలను తినడం కూడా తగ్గలేదు. ఈ మాట దాటేస్తే నేనూ దాచినట్టే అవుతుంది. అయితే వాళ్లు మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లలు. ఎనిమిదేళ్ల వాడు అడుగుతాడు, వెతుకుతాడు, ఫోన్‌లో మనం మాట్లాడేది వింటాడు.

ఇంకో సంగతి లెక్క. లెక్కల పీరియడ్ నాదే కాబట్టి కూర్చుని వేశాను. పన్నెండు పఫ్‌లకు నేను వాడేది 250 గ్రాముల పిండి, 100 గ్రాముల వెన్న. లోపలికి ఆలూ 250 గ్రాములు, క్యాలీఫ్లవర్ 100, క్యారెట్ 80, బఠానీ 50. ఆలూని కూరగాయల కింద నేను లెక్కేయను, మీరు వేసుకుంటే మీ ఇష్టం. మిగిలినవి 230 గ్రాములు. అంటే ఒక్కో పఫ్‌లో కూరగాయ 20 గ్రాములకు కాస్త తక్కువ. దాంతోపాటు 20 గ్రాముల పిండి, 8 గ్రాముల వెన్న. రెండు పఫ్‌లు తింటే 40 గ్రాముల కూరగాయ, దానికి తోడు మూడు టీ స్పూన్లకు పైగా వెన్న. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, 2000 కేలరీల రోజువారీ ఆహారంలో కూరగాయలు 400 గ్రాములు ఉండాలని చెప్పింది. అది పెద్దవాళ్ల లెక్క, పిల్లలకు వయసును బట్టి తగ్గుతుంది. ఎంత తగ్గించుకున్నా పఫ్‌ల దారిలో అక్కడికి చేరలేం. చేరాలంటే రోజుకు ఎన్ని పఫ్‌లు పెట్టాలో, ఎంత వెన్న పోతుందో మీరే వేసి చూడండి.

మరి పఫ్ ఎందుకు? పరిచయం కోసం. ఒక కొత్త కూరను పిల్లలు ఒప్పుకోవడానికి పది, పదిహేను సార్లు రుచి చూడాల్సి రావచ్చని పిల్లల ఆహారపు అలవాట్లు చూసే నిపుణులు చాలాకాలంగా చెప్తున్నారు. మనం సాధారణంగా మూడోసారికే "వీడికి నచ్చదు" అని తేల్చేస్తాం. పఫ్ ఆ పది సార్లలో కొన్నిసార్లకు సాయం చేస్తుంది, ఎందుకంటే బయట ఉన్న కరకరలాడే పొర వాడికి ముందే ఇష్టం. కానీ తిన్నది సొరకాయ అని తెలిస్తేనే కదా సొరకాయతో పరిచయం అయ్యేది! ఆరు నెలలు మావాడు సొరకాయ తిన్నాడు, వాడి దృష్టిలో తిన్నది ఆలూ. ఆరు నెలల తర్వాత కూడా సొరకాయ వాడికి మొదటి రోజంత కొత్తదే. నేను పడ్డ శ్రమంతా ఆలూ ఖాతాలోకి వెళ్లింది.

టీచర్‌గా నన్ను భయపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. పిల్లలు బాక్సులు పంచుకుంటారు. వద్దన్నా పంచుకుంటారు, నిజానికి నాకు అది చూడటం ఇష్టం కూడా. కొందరు అమ్మలు బలానికని జీడిపప్పు ముద్దో, పల్లీల పొడో పఫ్ లోపల కలుపుతారు. మెరుపు రావాలని పైన గుడ్డు సొన పూస్తారు. పక్క సీట్లో పిల్లకు పల్లీలు పడకపోవచ్చు. ఇంకొకరి ఇంట్లో గుడ్డు తినకపోవచ్చు. "ఇందులో ఏముంది?" అని నేను అడిగితే ఆ బాక్స్ తెచ్చిన పిల్లాడు నిజాయతీగా "ఆలూ" అంటాడు. వాడికి ఇంట్లో చెప్పింది అదే. దయచేసి ఈ ఒక్క విషయంలోనైనా నా మాట వినండి. పైన మెరుపు కావాలంటే పాలు పూసినా చాలు.

ఇక మా ఇంట్లో ఎలా సర్దుకుందో చెప్తాను. పెద్ద ఉపాయమేమీ కాదు. ముందు వాడికి సారీ చెప్పాను. చెప్పడానికి రెండు వారాలు పట్టింది, తల్లిగా అంత తేలిక కాదు. తర్వాత ఒక శనివారం పఫ్‌లు వాడితోనే చేయించాను. ఒప్పందం ఇది: లోపల ఏం పెట్టాలో ఇద్దరం కలిసి నిర్ణయిస్తాం, ఆలూ కాకుండా రెండు కూరగాయలు ఉండాలి, అవి ఏవో వాడిష్టం. తినడం, మానడం కూడా వాడిష్టం. ఈ చివరి మాట నా నోట్లోంచి కష్టం మీద వచ్చింది.

చేసే పద్ధతి అడుగుతారని తెలుసు, కాబట్టి రాస్తున్నాను. బేకరీలో వచ్చే పొరల పఫ్ మన వంటింట్లో, అందులోనూ ఏప్రిల్‌లో, చేయడం కష్టం. పిండి పొరల మధ్య ఉన్న వెన్న చల్లగా ఉండాలి. అప్పుడే ఓవెన్ వేడికి అందులోని తేమ ఆవిరై పొరలను పైకి లేపుతుంది. మన ఎండలకు వెన్న ముందే కరిగి పిండిలో ఇంకిపోతుంది. నేను రెండుసార్లు ప్రయత్నించి మానేశాను. దాని బదులు గోధుమపిండి, మైదా సగం సగం తీసుకుని, ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్న ముక్కలను వేళ్లతో నలుపుతూ కలపాలి. పిడికిలితో నొక్కితే ముద్దగా నిలవాలి, వదిలితే పొడిపొడిగా రాలాలి. సమోసా పిండికి చూసే గుర్తే ఇది. ఉప్పు, కాస్త వాము వేసి, చల్లటి నీళ్లు కొద్దికొద్దిగా చల్లుతూ గట్టిగా తడిపి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. నేను ఉప్పు లేని వెన్న వాడతాను. ఉప్పు ఉన్నదైతే పిండిలో తగ్గించండి.

లోపలి కూరకు అసలు శత్రువు నీరు. సొరకాయ తురిమితే ఉప్పు వేసి పది నిమిషాలుంచి గట్టిగా పిండేయాలి. ఆ నీళ్లు పారబోయకండి, పిండి తడపడానికి వాడండి. అప్పుడు పిండిలో ఉప్పు ఇంకా తగ్గించాలి, నేను మొదటిసారి మర్చిపోయి ఉప్పుకశం చేశాను. పాలకూరైతే నూనెలో తడి ఆరేదాకా వేయించాలి. కూర వేడిగా ఉండగా పిండి మీద పెడితే వెన్న కరిగి అడుగు మెత్తబడుతుంది, పూర్తిగా చల్లారనివ్వాలి. బీట్‌రూట్ రంగు బయటికి కూడా వస్తుంది. మా పిల్లలకు అది పెద్ద ఆకర్షణ, చేతులు కడిగేటప్పుడు మాత్రం మనకు పని. చతురస్రంగా కోసి లుఖ్మీలా మూసినా, త్రికోణంగా మడిచినా, అంచులు ఫోర్క్‌తో నొక్కే పని పిల్లలకే వదిలేయండి. వంకరగా వస్తాయి, రానివ్వండి. ముందే వేడి చేసిన ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర 20 నుంచి 25 నిమిషాలు. ఓవెన్ ముందు మాత్రం మీరే ఉండాలి.

మొదటి శనివారం వాడు ఎంచుకున్నవి క్యారెట్, బఠానీ. నాకు లోపల నిరాశే, అంతకుముందు ఐదు రకాలు తినిపించిన దాన్ని కదా! మూడో వారం వాడంతట వాడే "క్యాలీఫ్లవర్ వెయ్యి, అది కనిపించదు కదా" అన్నాడు. కనిపించదని వాడే నాకు చెప్పడం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సోమవారం బాక్సులో ఒక చిన్న చీటీ పెట్టడం మొదలుపెట్టాం. ఏమేం ఉన్నాయో వాడే తెలుగులో రాస్తాడు. 'క్యాలీఫ్లవర్' రాయడానికి పావుగంట పట్టింది. క్లాసులో పిల్లలు ఆ చీటీ చదివి "నిజంగా ఉందా?" అని పఫ్ విప్పి వెతుకుతారట. దొరక్కపోతే ఇంకో ముక్క అడుగుతారట.

అన్నీ మారిపోయాయని చెప్పను. బీరకాయ ఇప్పటికీ తినడు. కాకరకాయ నేనూ అడగను, నాకూ పెద్ద ఇష్టం లేదు. కొన్ని వారాలు చీటీలో ఆలూ పేరు తర్వాత ఏమీ ఉండదు, ఒప్పందం గుర్తు చేసినా వాదిస్తాడు, నేను ఓడిపోతాను. కంచంలో మాత్రం క్యారెట్ వేపుడు, క్యాలీఫ్లవర్ కూర విడిగా పెడితే తింటున్నాడు. సొరకాయ పప్పులో ఉంటే ముక్క పక్కకు పెట్టి పప్పు తింటాడు. దోసెను లైటుకు పట్టి చూడటం మానేశాడు. నాకు అన్నిటికన్నా సంతోషం అది.

ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. కొందరు పిల్లలకు మొండితనం కాదు, నిజంగానే కష్టం ఉంటుంది. వేళ్ల మీద లెక్కపెట్టేన్ని వంటలే తింటూ, అవీ తగ్గిపోతూ ఉంటే, బరువు పెరగకపోతే, ముద్ద నోట్లో పెట్టగానే డోకు వస్తుంటే, ఇలాంటి కాలమ్‌లు పక్కన పెట్టి పిల్లల డాక్టర్‌ని కలవండి. అలాంటి పిల్లల విషయంలో బలవంతం కానీ, దాచడం కానీ చేయొద్దు. క్లాస్ టీచర్‌కు కూడా చెప్పండి, బాక్స్ ఖాళీ కాలేదని మేం తొందరపెట్టకుండా ఉంటాం.

మీరు ఇప్పటికే దాచి పెడుతుంటే కంగారు పడకండి. ఈ వారమే చెప్పేయండి. "నువ్వు తింటున్న దాంట్లో క్యారెట్ ఉంది, నీకు నచ్చింది కూడా" అని మీ నోటితో మీరు చెప్తే ఒకలా ఉంటుంది, నాలా ఫోన్‌లో పట్టుబడితే ఇంకోలా ఉంటుంది. కొన్ని రోజులు అలుగుతారేమో, అలగనివ్వండి.

మొన్న శనివారం మావాడు కూరగాయల బుట్టలోంచి వంకాయ తీశాడు. వంకాయ వాడికి ఇష్టం లేదు, వాళ్ల నాన్నకు అసలే పడదు, వాసనకే ముఖం చిట్లిస్తారు. "సన్నగా తరిగి ఆలూలో వేద్దాం. నాన్నకు చెప్పొద్దు" అన్నాడు రహస్యంగా. నేను వాడి ముఖంలోకి చూశాను. కాసేపు ఆలోచించి, "సరేలే, చెప్దాం" అన్నాడు. చీటీ కూడా రాసి ప్లేటు పక్కన పెట్టాడు. మావారు అది చదివి, మా ఇద్దరి వంకా చూసి, ఒకటి తిన్నారు. రెండోది మెల్లగా మావాడి ప్లేటులోకి జరిపారు.